వెబ్ అప్లికేషన్ల స్క్రీన్ టెస్టుల ఆటోమేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే టూల్స్ అయిన సెలీనియం, ప్లేరైట్, సైప్రెస్‌లలో ఏదో ఒకదానితో ఇప్పటికే కొన్ని టెస్టులు రాసి, నిన్న పాసైన టెస్టు ఇవాళ ఎందుకు ఫెయిలైందో అంతుపట్టక ఇబ్బంది పడుతున్నవారి కోసం ఈ సమాధానాలు. వరుసగా చదవనక్కర్లేదు. ఉదాహరణ కావలసిన చోటల్లా ఒక బస్ టికెట్ బుకింగ్ సైటునే తీసుకున్నాం.

స్క్రీన్ మీద కనిపించేదంతా ఆటోమేట్ చేయాలా?

అక్కర్లేదు. బ్రౌజర్‌ను తెరిచి నడిపే టెస్టు మిగతా అన్ని రకాల టెస్టులకన్నా నెమ్మది. తేలిగ్గా చెడిపోతుంది, ఫెయిలైతే కారణం వెతకడానికి ఎక్కువ సమయం తింటుంది. అందుకే పొదుపుగా వాడాలి. బస్సులు వెతకడం, సీటు ఎంచుకోవడం, ప్రయాణికుల వివరాలు నింపడం, డబ్బు కట్టడం, టికెట్ రావడం, రద్దు చేసుకోవడం: వీటిలో ఏది ఆగినా ఆ రోజు వ్యాపారం ఆగినట్టే. వీటికి బ్రౌజర్ టెస్టులు ఉండి తీరాలి. రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందన్న లెక్కలో 40 రకాల సందర్భాలు ఉన్నాయనుకోండి, ఆ 40నీ బ్రౌజర్‌లో నడపొద్దు. లెక్క సంగతి యూనిట్ టెస్టులు (కోడ్‌లోని ఒక ముక్కను విడిగా పరీక్షించేవి) చూసుకుంటాయి. ఆ అంకె స్క్రీన్ మీదికి సరిగ్గా వచ్చిందా అన్నది బ్రౌజర్ టెస్టు ఒక్కసారి చూస్తే చాలు.

డిజైన్ ఇంకా రోజూ మారుతున్న కొత్త స్క్రీన్‌కు ఇప్పుడే టెస్టులు రాయడం దండగ. అది కుదురుకునే దాకా చేత్తో చూసుకోండి.

కోర్సులో సెలీనియం-జావా నేర్చుకున్నాను. ఇప్పుడు ప్లేరైట్‌కు మారిపోవాలా?

అమీర్‌పేటలో ఏళ్ల తరబడి ఆటోమేషన్ అంటే సెలీనియం, జావా, జావా టెస్టులను నడిపే టెస్ట్‌ఎన్‌జీయే. అది వృథా పోయే చదువేం కాదు. సెలీనియంను 2004లో షికాగోలోని థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టారు. దాని వెబ్‌డ్రైవర్ పద్ధతి 2018లో డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే సంస్థ) ప్రమాణమైంది. అందుకే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీలకు వాటి తయారీదారులే డ్రైవర్లు ఇస్తున్నారు. అసలైన సఫారీలోనే నడపాలన్నా, ఏదైనా క్లౌడ్ సేవలో రకరకాల ఫోన్ల మీద నడపాలన్నా ఇప్పటికీ సెలీనియందే పైచేయి.

మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో బయటపెట్టిన ప్లేరైట్ బ్రౌజర్‌తో తెరిచి ఉంచిన ఒకే కనెక్షన్ మీద మాట్లాడుతుంది. ఎలిమెంట్ సిద్ధమయ్యే దాకా తనే ఆగుతుంది. ప్రతి టెస్టుకూ కుకీలు లేని కొత్త కాంటెక్స్ట్‌ను (విడి బ్రౌజర్ సెషన్‌ను) క్షణంలో తెరుస్తుంది. జావాలోనూ రాయవచ్చు. కాకపోతే రీట్రై, రిపోర్టు, స్క్రీన్‌షాట్ పోలిక వంటివి అన్నీ కలిసి ఉన్న టెస్ట్ రన్నర్ దొరికేది జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్‌లలోనే. జావాలో ఆ పనులకు జేయూనిట్‌నో టెస్ట్‌ఎన్‌జీనో తగిలించుకోవాలి.

సైప్రెస్ టెస్టు కోడ్ బ్రౌజర్ లోపలే, పేజీ పక్కనే నడుస్తుంది. డీబగ్ చేయడం హాయిగా ఉంటుంది కానీ ప్లగిన్ లేకుండా ఒకే టెస్టులో రెండు ట్యాబ్‌లు నడపలేరు. పేమెంట్ పేజీలా మరో డొమైన్‌కు వెళ్లే చోట అదనంగా ఒక ఆదేశం రాయాలి.

కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టుకైతే మా ఓటు ప్లేరైట్‌కే. ఇప్పటికే వెయ్యి సెలీనియం టెస్టులు నడుస్తున్న చోట మాత్రం టూల్ మార్చడం దాదాపు ఎప్పుడూ తప్పు నిర్ణయమే. టెస్టులు చెడిపోయేది ఎక్కువగా లొకేటర్ల (పేజీలో ఎలిమెంట్‌ను వెతికే చిరునామాల) వల్ల, వెయిట్ల వల్ల, డేటా వల్ల. ఆ మూడూ మీతోపాటు కొత్త టూల్‌లోకీ వస్తాయి.

క్రోమ్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ డ్రైవర్ వెర్షన్ ఎర్రర్ వస్తోంది. ఏం చేయాలి?

సెలీనియం 4.6 నుంచి సెలీనియం మేనేజర్ లోపలే ఉంది. సరైన డ్రైవర్‌ను అదే దించుకుంటుంది. డ్రైవర్ ఫైలు ఎక్కడుందో చెప్పే పాత లైనును కోడ్‌లోంచి, పాత డ్రైవర్‌ను సిస్టమ్ పాత్‌లోంచి తీసేయండి. చాలా చోట్ల ఎర్రర్‌కు కారణం ఆ మిగిలిపోయిన పాత ఫైలే.

లొకేటర్లు ప్రతి రిలీజ్‌కూ విరిగిపోతున్నాయి. ఏ రకం వాడాలి?

బ్రౌజర్‌లో రైట్ క్లిక్ చేసి కాపీ చేసుకున్న పూర్తి ఎక్స్‌పాత్‌ను అసలు వాడకండి. ‘బాడీలో మూడో డివ్‌లో రెండో డివ్‌లో ఐదో బటన్’ అన్న చిరునామా పేజీ పైన ఒక ప్రకటన బ్యానర్ చేరగానే మరో బటన్‌ను చూపిస్తుంది. ఫెయిలైతే పోనీ అనుకోవచ్చు. తప్పుడు బటన్ నొక్కి పాసైపోతే ఇంకా ప్రమాదం. బిల్డ్ సమయంలో తయారయ్యే క్లాస్ పేర్లు, వెనకాల అర్థం లేని అక్షరాల తోక ఉన్నవి, వాటినీ నమ్మొద్దు. తర్వాతి బిల్డ్‌లో తోక మారవచ్చు.

మేం సూచించే వరుస ఇది. ముందుగా రోల్ (ఎలిమెంట్ ఏ పని చేసేదో), పేరు: ‘బటన్, టికెట్ రద్దు చేయి’ అని. ఫారంలోని గడులకు లేబుల్. ఆ రెండూ కుదరని చోట డేటా-టెస్ట్‌ఐడీ (టెస్టుల కోసమే కోడ్‌లో పెట్టే గుర్తు), దాన్ని డెవలపర్ చేత పెట్టించుకోండి. సీఎస్ఎస్ ఆ తర్వాత. ఎక్స్‌పాత్ చిట్టచివర, అదీ పాఠం ఆధారంగా చిన్నదిగా. రోల్‌తో వెతికితే ఇంకో లాభం ఉంది: బటన్‌లా కనిపించే డివ్ రోల్ వెతుకులాటలో దొరకదు. అది స్క్రీన్ రీడర్ వాడేవారికీ బటన్‌గా వినిపించదు కాబట్టి మీకు దొరికింది నిజమైన బగ్గే.

సైట్ తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలోనూ ఉంటే కనిపించే పాఠంతో వెతికే లొకేటర్ భాష మారగానే పనిచేయదు. అలాంటి చోట టెస్ట్‌ఐడీ మీద నిలబడి, పాఠం సరిగ్గా ఉందా అన్నది విడిగా రెండు మూడు టెస్టుల్లో చూడండి.

ఒకే లొకేటర్‌కు రెండు ఎలిమెంట్లు దొరికితే సెలీనియం మాట్లాడకుండా మొదటిదాన్ని ఇస్తుంది. ప్లేరైట్ ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను తప్పించుకోవడానికి ‘మొదటిది’ అని తగిలించడం మామూలైపోయింది. అలా చేయకండి. ముందు బస్సు వరుసను పట్టుకుని, దాని లోపల బటన్‌ను వెతకండి.

స్లీప్ వాడొద్దంటారు. ఎందుకు? వాడితే పాసవుతోంది కదా!

మూడు సెకన్ల స్లీప్ పెట్టారు. సర్వర్ అర సెకనులో జవాబిస్తే రెండున్నర సెకన్లు వృథా, నాలుగు సెకన్లు తీసుకుంటే టెస్టు ఫెయిల్. ఎటు చూసినా నష్టమే. 300 టెస్టుల్లో తలా నాలుగు స్లీప్‌లు ఉన్నాయంటే మొత్తం 3,600 సెకన్లు, అంటే ఏ పనీ చేయకుండా ఒక గంట.

ఆగాల్సింది సమయం కోసం కాదు, స్థితి కోసం. సెలీనియంలో వెబ్‌డ్రైవర్‌వెయిట్ మామూలుగా ప్రతి 500 మిల్లీసెకన్లకు ఒకసారి చూస్తుంది, షరతు నెరవేరగానే ముందుకు వెళ్తుంది. షరతు ఎంచుకోవడంలోనే పొరపాట్లు జరుగుతాయి. ‘ప్రెజెన్స్’ అంటే ఎలిమెంట్ డామ్‌లో (బ్రౌజర్ లోపల ఉండే పేజీ నిర్మాణంలో) ఉందని మాత్రమే, కనిపిస్తోందని కాదు. ‘క్లికబుల్’ అన్న షరతు కనిపిస్తోందా, ఎనేబుల్ అయిందా అని చూస్తుందే తప్ప దాని మీద లోడింగ్ తెర కప్పి ఉందో లేదో చూడదు.

ఇంప్లిసిట్ వెయిట్ (ప్రతి వెతుకులాటకూ వర్తించేది), ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (పైన చెప్పినట్టు ఒక షరతు కోసం రాసేది) రెండూ కలపొద్దు. ఇంప్లిసిట్ 10, ఎక్స్‌ప్లిసిట్ 15 పెడితే 20 సెకన్ల తర్వాత టైమౌట్ కావచ్చని సెలీనియం డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. ఇంప్లిసిట్‌ను సున్నా దగ్గరే వదిలేయండి.

ప్లేరైట్ క్లిక్‌కు ముందు నాలుగు చూస్తుంది: కనిపిస్తోందా, కదలకుండా ఉందా, ఎనేబుల్ అయిందా, ఆ బిందువు దగ్గర క్లిక్ దానికే తగులుతుందా. అంత చేసినా మూడు చోట్ల జనం పడిపోతున్నారు.

మొదటిది, అవెయిట్ (ఈ పని పూర్తయ్యే దాకా ఆగమని చెప్పే మాట) మరిచిపోవడం. ఆ లైను పూర్తవకముందే టెస్టు ముగిసి పచ్చగా కనిపిస్తుంది. కోడ్‌లో తప్పులు చూపే ఈఎస్‌లింట్‌కు తగిలించుకునే టైప్‌స్క్రిప్ట్-ఈఎస్‌లింట్‌లో ఇలా వదిలేసినవాటిని (ఫ్లోటింగ్ ప్రామిస్‌లను) పట్టుకునే నియమం ఉంది, ఈరోజే పెట్టుకోండి.

రెండోది, ‘ఈజ్‌విజిబుల్’ను అసర్షన్‌లా (ఫలితం సరైనదేనా అని చూసే తనిఖీలా) వాడటం. అది ఆగదు, ఆ క్షణంలో ఉన్నదే చెప్తుంది. ఆగి, మళ్లీ మళ్లీ చూసేది ‘ఎక్స్‌పెక్ట్’తో రాసే ‘టుబీవిజిబుల్’. దానికి మామూలుగా 5 సెకన్ల గడువు ఉంటుంది, మొత్తం టెస్టుకు 30 సెకన్లు.

మూడోది, నెట్‌వర్క్ ఐడిల్ కోసం ఆగడం. 500 మిల్లీసెకన్లపాటు నెట్‌వర్క్ నిశ్శబ్దంగా ఉంటేనే అది వస్తుంది. ఖాళీ సీట్ల కోసం సర్వర్‌ను మాటిమాటికీ అడిగే పేజీలో ఆ నిశ్శబ్దం ఎప్పటికీ రాకపోవచ్చు.

‘ఎర్రర్ రాకూడదు’ అన్న టెస్టు ఎప్పుడూ పాసవుతోంది. నమ్మొచ్చా?

నమ్మొద్దు. బటన్ నొక్కిన వెంటనే ఎర్రర్ సందేశం లేదు, నిజమే. అప్పటికి సర్వర్ నుంచి జవాబే రాలేదు మరి! ముందు పని పూర్తయిందనే గుర్తు కోసం ఆగండి: పీఎన్ఆర్ నంబరు కనిపించడమో, పేజీ చిరునామా మారడమో. ఎర్రర్ లేదని చూడటం ఆ తర్వాత. రాసిన ప్రతి టెస్టునూ ఒకసారి కావాలని ఫెయిల్ చేసి చూడండి. ఎలా చెడగొట్టినా పాసయ్యే టెస్టు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

స్టేల్ ఎలిమెంట్ ఎర్రర్ ఎందుకు వస్తుంది?

మీరు పట్టుకున్న ఎలిమెంట్‌ను పేజీ పారేసి, అచ్చం అలాంటిదే కొత్తది పెట్టింది. రియాక్ట్, యాంగ్యులర్ పేజీల్లో జాబితా మళ్లీ గీసినప్పుడల్లా ఇలా జరగవచ్చు. ఎలిమెంట్‌ను వేరియబుల్‌లో దాచుకుని పది లైన్ల తర్వాత వాడటమే అసలు తప్పు. లొకేటర్‌ను దాచుకోండి, ఎలిమెంట్‌ను వాడే క్షణంలో వెతకండి. సెలీనియంలో పేజ్‌ఫ్యాక్టరీతో ‘క్యాష్‌లుకప్’ పెట్టిన చోట ఇది మరీ ఎక్కువ. ప్లేరైట్ లొకేటర్ ప్రతి చర్యకూ కొత్తగా వెతుకుతుంది కాబట్టి అక్కడ ఈ ఎర్రర్ అరుదు.

క్లిక్ జరిగింది, లాగ్‌లోనూ ఉంది. పేజీలో మాత్రం ఏమీ జరగలేదు. ఎలా?

సర్వర్ దగ్గరే తయారై వచ్చే పేజీల్లో, ఉదాహరణకు నెక్స్ట్.జేఎస్ వాడినవాటిలో, బటన్ ముందు కనిపిస్తుంది. దానికి పని నేర్పే జావాస్క్రిప్ట్ కాస్త వెనక వస్తుంది. మనిషి చెయ్యి ఆ సందులో పడటం అరుదు. టెస్టు మాత్రం సరిగ్గా అక్కడే క్లిక్ చేస్తుంది. జావాస్క్రిప్ట్ వచ్చే దాకా బటన్‌ను డిసేబుల్‌గా ఉంచమని డెవలపర్‌ను అడగండి. నెమ్మది ఫోన్ల మీద నిజమైన వాడుకదారులకూ ఇదే జరుగుతుంది కాబట్టి మీ మాట చెల్లుతుంది. వాళ్లు ఒప్పుకోకపోతే క్లిక్‌నూ దాని ఫలితాన్నీ కలిపి ప్లేరైట్ ‘టుపాస్’లో పెట్టి మళ్లీ ప్రయత్నించేలా రాయండి. డబ్బు కట్టే బటన్‌కు మాత్రం ఆ పని చేయకండి. రెండుసార్లు నొక్కుకుంటుంది.

క్లిక్ ఇంటర్‌సెప్టెడ్ అన్న ఎర్రర్ వస్తే సంగతి వేరు. కుకీ బ్యానరో, చాట్ గుండీయో, కదలని హెడరో బటన్‌ను కప్పేసింది. జావాస్క్రిప్ట్‌తో బలవంతంగా క్లిక్ చేయించే కిటుకు ఇంటర్నెట్ అంతా దొరుకుతుంది కానీ, మనిషి నొక్కలేని బటన్‌ను నొక్కి పాసనిపించుకుంటే ఎవరిని మోసం చేస్తున్నట్టు? కప్పినదాన్ని మూసేసి నొక్కండి.

నా లాప్‌టాప్‌లో పాస్, సీఐ సర్వర్‌లో ఫెయిల్. ఎక్కడ చూడాలి?

సీఐ అంటే కోడ్ మారినప్పుడల్లా బిల్డ్ చేసి టెస్టులను తనే నడిపే వ్యవస్థ. ఎక్కువసార్లు బయటపడే కారణాలతో మొదలుపెట్టండి.

కిటికీ కొలత: హెడ్‌లెస్ (తెర మీద కనిపించకుండా నడిచే) బ్రౌజర్ చిన్న కిటికీతో తెరుచుకుంటే మెనూ మొత్తం మూడు గీతల గుర్తు వెనక్కి పోతుంది. 1920×1080 అనో, మీ వాడుకదారుల కొలత అనో స్పష్టంగా పెట్టండి. ప్లేరైట్ మామూలు కొలత 1280×720.

మెమరీ: సీఐలో టెస్టులను విడిగా నడిపే డాకర్ కంటెయినర్‌లో షేర్డ్ మెమరీ మామూలుగా 64 ఎంబీ మాత్రమే. బరువైన పేజీలో క్రోమ్ ట్యాబ్ చెప్పాపెట్టకుండా కూలిపోతుంది. కంటెయినర్‌కు షేర్డ్ మెమరీ 2 జీబీ ఇవ్వండి, లేదా డెవ్ షేర్డ్ మెమరీని వాడొద్దని క్రోమ్‌కు ఫ్లాగ్ ఇవ్వండి.

సమయం: సీఐ సర్వర్లు సాధారణంగా యూటీసీలో ఉంటాయి. మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 లోపు నడిచే బిల్డ్‌లో సర్వర్‌కు ఇంకా నిన్నటి తేదీయే. ‘ఈరోజు బస్సులు’ అన్న టెస్టు రాత్రి బిల్డ్‌లోనే ఫెయిలై, పొద్దున ఆఫీసుకొచ్చి నడిపితే పాసవడం వెనక ఉన్నది ఇదే. బ్రౌజర్ టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతా అని పెట్టండి. క్రోమ్‌ను తిరిగి అడిగితే అది ఏషియా/కలకత్తా అని పాత పేరే చెప్పవచ్చు, ఆ పేరును పోల్చే టెస్టు రాయకండి. తేదీ మీద ఆధారపడిన స్క్రీన్లకు గడియారాన్నే ఒకచోట ఆపేయడం ఇంకా మంచిది. ప్లేరైట్ 1.45 నుంచి ఆ వీలుంది.

లొకేల్ (భాష, అంకెలు రాసే పద్ధతి): 12,34,567 అని రావలసిన చోట 1,234,567 వస్తే బ్రౌజర్ అమెరికా ఇంగ్లిష్‌లో నడుస్తోందన్నమాట. సైట్ కోడ్ లొకేల్‌ను గట్టిగా చెప్పకుండా బ్రౌజర్‌కే వదిలేసిందని కూడా దీంతో తెలుస్తుంది.

సీపీయూ: ఎనిమిది కోర్ల లాప్‌టాప్ మీద హాయిగా నడిచిన నాలుగు వర్కర్లు (టెస్టులను పక్కపక్కన నడిపే ప్రాసెస్‌లు) రెండు కోర్ల సీఐ యంత్రంలో ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. గడువులు పెంచేముందు వర్కర్లను తగ్గించి చూడండి.

ఫ్లేకీ టెస్టులకు రీట్రై పెడితే సరిపోదా?

ఫ్లేకీ అంటే కోడ్ మారకపోయినా ఒకసారి పాసై, మరోసారి ఫెయిలయ్యే టెస్టు. రీట్రై అంటే ఫెయిలైనదాన్ని మళ్లీ నడపడం. ముందు లెక్క చూడండి. ప్రతి టెస్టూ వందలో ఒక్కసారి ఉత్తినే ఫెయిలవుతుందనుకుందాం. ఒక్క టెస్టుగా చూస్తే 99 శాతం అంటే బాగానే ఉంది. అలాంటివి 200 ఉంటే మొత్తం బిల్డ్ పచ్చగా వచ్చే అవకాశం సుమారు 13 శాతం. వెయ్యిలో ఒక్కసారికి తగ్గిస్తే 82 శాతానికి పెరుగుతుంది. బిల్డ్ ఎర్రగా ఉంటే ‘అదెప్పుడూ అంతేలే, మళ్లీ నడుపు’ అనే అలవాటు టీములో మొదలయ్యేది ఇక్కడే.

రీట్రైతో బిల్డ్ పచ్చబడుతుంది, నిజమే. దాని ధర కూడా తెలుసుకోండి. ఇద్దరు ఒకేసారి ఒకే సీటు పట్టుకునే బగ్ ఐదుసార్లలో ఒకసారి కనిపిస్తుందనుకుందాం. రెండు రీట్రైలు పెడితే మూడు ప్రయత్నాలూ వరుసగా ఫెయిలైతేనే మీకు ఎరుపు కనిపిస్తుంది, ఆ అవకాశం 125లో 1. అంటే రీట్రై ఆ బగ్‌ను దాదాపుగా దాచేసింది.

కాబట్టి సీఐలో ఒకటో రెండో రీట్రైలు పెట్టుకోండి కానీ, రెండో ప్రయత్నంలో పాసైనదాన్ని పాస్‌గా లెక్కేయకండి. ప్లేరైట్ రిపోర్టు వాటిని ‘ఫ్లేకీ’ అని విడిగా చూపిస్తుంది. ఆ జాబితాను వారానికోసారి ఎవరో ఒకరు కూర్చుని చూడాలి, అది ఎవరి పనో పేరు రాసిపెట్టాలి. కారణం ఇప్పుడే దొరకని టెస్టును పక్కన పెట్టి, బగ్ టికెట్ తెరిచి, గడువు వేయండి. గడువు దాటితే తీసేయండి. అనుమానం ఉన్న టెస్టును ప్లేరైట్ ‘రిపీట్-ఈచ్’తో 50 సార్లు, వర్కర్ల సంఖ్య పెంచి నడపండి. సీఐలో అప్పుడప్పుడు కనిపించేది మీ యంత్రం మీదే బయటపడే అవకాశం ఎక్కువ.

లాగిన్, ఓటీపీ, క్యాప్చా, పేమెంట్: వీటిని ఎలా దాటాలి?

లాగిన్ స్క్రీన్‌ను దాని సొంత టెస్టుల్లోనే పరీక్షించండి. మిగతా టెస్టులు లాగిన్ అయ్యే మొదలవ్వాలి. ఒకసారి లాగిన్ అయి కుకీలు, లోకల్ స్టోరేజ్‌ను ఫైల్‌లో దాచి (ప్లేరైట్‌లో ‘స్టోరేజ్‌స్టేట్’) మిగతా టెస్టులకు ఇవ్వండి. ఆ ఫైల్ గిట్‌లోకి వెళ్లకుండా చూసుకోండి. అందులో ఉన్నది పనిచేసే సెషన్.

ఓటీపీ కోసం నిజమైన ఫోనుకు ఎస్సెమ్మెస్ తెప్పించి చదివే ప్రయత్నం వద్దు. ఆపరేటర్ ఆలస్యం చేసిన ప్రతిసారీ మీ బిల్డ్ ఫెయిలవుతుంది. టెస్ట్ సర్వర్‌లో కొన్ని నంబర్లకు మారని ఓటీపీ ఇవ్వమని బ్యాకెండ్ వాళ్లను అడగండి. ఆ సెట్టింగ్ ప్రొడక్షన్‌కు పోకుండా అడ్డుకునే తనిఖీ కూడా వాళ్ల చేతే రాయించండి. క్యాప్చా ఉన్నదే ఆటోమేషన్‌ను ఆపడానికి. దాన్ని ఛేదించే సేవలకు డబ్బు పోయకుండా టెస్ట్ వాతావరణంలో ఆపేయండి. రీక్యాప్చాకు గూగుల్ ఇచ్చే టెస్ట్ కీలు ఉన్నాయి. పేమెంట్ గేట్‌వేలలో టెస్ట్ మోడ్, టెస్ట్ కార్డులు ఉంటాయి. సక్సెస్ ఒక్కటే చూసి వదిలేయకండి. డబ్బు కట్టాక పేజీ తిరిగి రాకముందే ట్యాబ్ మూసేస్తే టికెట్ ఏమవుతుంది? ఫిర్యాదులు పుట్టేది ఆ దారిలోనే.

టెస్టులు విడివిడిగా నడిపితే పాస్, అన్నీ కలిపి నడిపితే ఫెయిల్. కారణం?

డేటా. రెండు టెస్టులు ఒకే యూజర్‌తోనో, ఒకే బస్సులోని ఒకే సీటుతోనో ఆడుకుంటున్నాయి. ప్రతి టెస్టూ తనకు కావలసిన యూజర్‌ను, బస్సును ఏపీఐ ద్వారా తానే తయారు చేసుకోవాలి. పేరు చివర యాదృచ్ఛిక సంఖ్య తగిలిస్తే గొడవ ఉండదు. టెస్టు చివర శుభ్రం చేయడం మీద ఆధారపడొద్దు, మధ్యలో కూలిపోయిన టెస్టు శుభ్రం చేయదు. ఒక టెస్టు మిగిల్చినదాని మీద మరో టెస్టు నడిచే గొలుసులుంటే తెంచేయండి.

తెలుగులో ఉన్న పేజీలను పరీక్షించేటప్పుడు ప్రత్యేకంగా ఏం చూడాలి?

చాలా ఉన్నాయి. దీని మీద రాసినవారు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్, వే కలిసిపోయి వత్తుగా మారకుండా మధ్యలో కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది: జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సీ. అనువాదకుడు అది పెట్టి, టెస్టు రాసినవారు పెట్టకపోతే పోలిక ఫెయిల్. పదం చివర, ‘ఫోన్’ వంటి మాటల్లో, ఉంటే కంటికి తేడా అసలు తెలియదు. రిపోర్టులో ‘ఆశించింది’, ‘వచ్చింది’ అచ్చు ఒకేలా కనిపిస్తాయి. అలాగే ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు కలిపి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. పోల్చేముందు రెండు వైపులా ఎన్ఎఫ్‌సీకి (ఇలాంటి రెండు రకాల రాతలను ఒకటి చేసే యూనికోడ్ రూపానికి) మార్చి, 200సీని, దాని జంట జాయినర్ 200డీని తీసేసే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి అందరూ దాన్నే వాడండి.

పొడవు లెక్కలు ఇంకో సంగతి. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలు. బ్రౌజర్‌లోని మ్యాక్స్‌లెంగ్త్‌కు అది ఏడు. యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కాబట్టి డేటాబేస్‌కు 21 బైట్లు. ఒరాకిల్‌లో బైట్ల లెక్కన 20 అని పెట్టిన కాలమ్‌లో లక్ష్మి పట్టదు! ప్రయాణికుడి పేరు గడికి తెలుగు పేర్లతో సరిహద్దు టెస్టులు రాయండి: సరిగ్గా పట్టేది ఒకటి, ఒక్క గుర్తు ఎక్కువైనది ఒకటి. వత్తు మధ్యలో తెగిపోయి చివర పొల్లు వేలాడే పేరు టికెట్ మీద అచ్చవకూడదు.

కంటెయినర్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే అక్షరాల చోట డబ్బాలు వస్తాయి. పాఠం పోల్చే టెస్టులు అప్పుడు కూడా పాసవుతాయి, ఎందుకంటే డామ్‌లో అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. డెబియన్, ఉబుంటు ఇమేజ్‌లలో నోటో ఫాంట్ల ప్యాకేజీ వేయండి. అసలు సైట్ తన వెబ్‌ఫాంట్‌ను తానే తెచ్చుకుంటుంటే ఆ ఫాంట్ లోడైందా అన్నది చూసి అప్పుడు స్క్రీన్‌షాట్ తీయండి.

ఇంగ్లిష్ లేబుల్‌కు సరిపోయిన బటన్‌లో తెలుగు మాట పట్టకపోవడం మామూలే. అడ్డంగా తెగితే ఎలిమెంట్ ‘స్క్రోల్‌విడ్త్’ దాని ‘క్లయింట్‌విడ్త్’ కన్నా ఎక్కువ ఉంటుంది. అన్ని బటన్ల మీదా ఒక లూప్ తిప్పి పట్టుకోవచ్చు. నిలువుగా తెగితే, అంటే లైన్ ఎత్తు 1 పెట్టడం వల్ల పైన గుడి, కింద వత్తు కోసుకుపోతే, ఎత్తుల కొలతల్లో తేడా రాకపోవచ్చు. అది స్క్రీన్‌షాట్‌తోనే దొరుకుతుంది.

టైపింగ్ విషయంలో ఒక హద్దు ఉంది. ప్లేరైట్ ‘ఫిల్’ గడిలో పాఠాన్ని ఒకేసారి పెట్టేస్తుంది. కీబోర్డు ద్వారా తెలుగు కొట్టేటప్పుడు వచ్చే కంపోజిషన్ ఈవెంట్లు అందులో ఉండవు. ‘వెతకండి’ గడి ప్రతి అక్షరానికీ సూచనలు చూపించేదైతే, నిజమైన ఫోను మీద తెలుగు కీబోర్డుతో చేత్తో ఒకసారి చూడాల్సిందే.

స్క్రీన్‌షాట్ పోలిక టెస్టులు రోజూ ఫెయిలవుతున్నాయి. వదిలేయాలా?

బేస్‌లైన్ (పోల్చడానికి దాచుకునే) చిత్రాలు లాప్‌టాప్‌లో తీసి సీఐలో పోలుస్తున్నట్టయితే అవి ఎప్పటికీ కలవవు. విండోస్, మ్యాక్, లైనక్స్ అక్షరాలను వేర్వేరుగా గీస్తాయి. సీఐలో వాడే కంటెయినర్‌లోనే బేస్‌లైన్ తీయండి. తేదీలు, ప్రకటనలు, మ్యాప్‌ల మీద మాస్క్ వేయండి, యానిమేషన్లు ఆపండి. పూర్తి పేజీ బదులు సీట్ల పటం, టికెట్ వంటి ముక్కలను పోల్చండి. వంద చిత్రాలు ఒకేసారి మారితే ఎవరూ చూడకుండా ‘అప్‌డేట్’ కొట్టేస్తారు, టెస్టుకు అర్థం పోయేది అప్పుడే. మా అంచనాలో మొత్తం సైట్‌కు పదీ పదిహేను చిత్రాలు చాలు.

ఐఫ్రేమ్, షాడో డామ్, అలర్ట్, డ్రాప్‌డౌన్: ఎలిమెంట్ కళ్ల ముందే ఉన్నా దొరకదెందుకు?

ఐఫ్రేమ్ (పేజీలో ఇమిడిన మరో పేజీ) అయితే ముందు దాని లోపలికి మారాలి. పని అయ్యాక సెలీనియంలో బయటికి తిరిగి రావడం మరిచిపోవద్దు. తెరిచి ఉన్న షాడో డామ్‌లోకి (ఒక ఎలిమెంట్ లోపల విడిగా ఉంచిన డామ్‌లోకి) ప్లేరైట్ సీఎస్ఎస్ దానంతటదే వెళ్తుంది కానీ ఎక్స్‌పాత్ వెళ్లదు. సెలీనియం 4లో షాడో రూట్‌ను అడిగి తీసుకోవాలి. అలర్ట్‌కు మీరేమీ రాయకపోతే ప్లేరైట్ దాన్ని మాట్లాడకుండా కొట్టేస్తుంది, ‘రద్దు చేయాలా?’ అన్న ప్రశ్నకు ‘వద్దు’ అన్నట్టు. సెలీనియం సెలెక్ట్ క్లాస్ అసలైన సెలెక్ట్ ట్యాగ్ మీదే పనిచేస్తుంది. డివ్‌లతో కట్టిన డ్రాప్‌డౌన్‌ను తెరిచి, ఆప్షన్‌ను వెతికి నొక్కాలి. క్లిక్ చేయగానే మాయమయ్యే జాబితాను పరిశీలించాలంటే మూడు సెకన్ల తర్వాత డీబగ్గర్ ఆగేలా కన్సోల్‌లో ఒక టైమర్ పెట్టి, ఈలోగా జాబితా తెరవండి. పేజీ అలాగే గడ్డకట్టి ఉంటుంది.

సర్వర్ జవాబులను మాక్ చేయవచ్చా?

మాక్ అంటే అసలు సర్వర్ బదులు మనమే తయారు చేసిన జవాబు ఇవ్వడం. చేయవచ్చు, చేయాలి కూడా. సర్వర్ 500 ఇస్తే, 30 సెకన్లు నాన్చితే, ఒక్క బస్సూ లేకపోతే స్క్రీన్ ఎలా ఉంటుందో చూడటానికి అదే తేలిక దారి. కానీ డబ్బు దారిలో కనీసం ఒక టెస్టు మాక్ లేకుండా నిజమైన టెస్ట్ సర్వర్‌తో నడవాలి. లేకపోతే సర్వర్‌లో ఫీల్డ్ పేరు మారినా మీ టెస్టులన్నీ పచ్చగానే ఉంటాయి. మాక్ రాసినా పనిచేయట్లేదంటే పేజీలో సర్వీస్ వర్కర్ (నెట్‌వర్క్ అభ్యర్థనలను మధ్యలో పట్టుకునే స్క్రిప్ట్) ఉందేమో చూడండి, టెస్టుల్లో దాన్ని బ్లాక్ చేయండి.

ప్లేరైట్ వెబ్‌కిట్‌లో పాసైతే సఫారీలో పనిచేస్తుందని అనుకోవచ్చా?

పూర్తిగా కాదు. ఇంజిన్ ఒకటే అయినా అది ఆపిల్ ఇచ్చే సఫారీ కాదు. వీడియో, ఫాంట్లు, పేమెంట్ షీట్ వంటి వాటిలో తేడాలుంటాయి. లేఅవుట్ బగ్గులు చాలావరకు దొరుకుతాయి, రిలీజ్ ముందు ఒక నిజమైన ఐఫోన్ మీద ప్రధాన దారిని చేత్తో నడపండి.

ఏఐ టూల్‌తో టెస్టులు రాయిస్తున్నాం. ఏం తనిఖీ చేయాలి?

అసర్షన్లు. క్లిక్‌లు, గడులు నింపడం బాగానే రాస్తాయి. చివర ‘పేజీ కనిపిస్తోంది’ అన్నంత బలహీనమైన తనిఖీతో ముగించడం తరచూ కనిపిస్తుంది. టికెట్ మీద పేరు, సీటు, తేదీ, కట్టిన డబ్బు మీరు ఇచ్చినవేనా అని చూడకపోతే ఆ టెస్టు ఏదీ నిరూపించలేదు. ఫెయిలైన టెస్టును సరిచేయమంటే అసర్షన్‌నే సడలించి పాస్ చేయించే ప్రమాదం ఉంది, ఆ మార్పును లైను లైనుగా చదవండి.

టెస్టు ఫెయిలైంది. ముందుగా ఏం తెరవాలి?

ప్లేరైట్ అయితే ట్రేస్. మొదటి రీట్రైలో ట్రేస్ తీసేలా పెట్టుకుంటే డిస్క్ నిండదు. అందులో ప్రతి అడుగు దగ్గరా పేజీ ఎలా ఉందో, నెట్‌వర్క్‌లో ఏం వెళ్లిందో, కన్సోల్‌లో ఏం పడిందో ఉంటుంది. సెలీనియంలో ఫెయిలైన క్షణం స్క్రీన్‌షాట్, పేజీ సోర్స్, బ్రౌజర్ లాగ్ మూడూ దాచే హుక్ రాసుకోండి. చూసే వరుస: ముందు నెట్‌వర్క్‌లో 4, 5 అంకెలతో మొదలయ్యే జవాబులు, తర్వాత కన్సోల్ ఎర్రర్లు, ఆ తర్వాత స్క్రీన్. లొకేటర్‌ను అనుమానించడం చివర. సర్వర్ 502 ఇచ్చిన రోజున బటన్ లొకేటర్‌ను మారుస్తూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది.